లచ్చవ్వ నాయకత్వ అనుభవం

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లు జగిత్యాలలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, రిటైరైతే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కావాలంటే మా సంఘం అధ్యక్షుడు అబ్దుల్ వహాబ్ గారిని అడగండి, కథలు కథలుగా చెబుతారు.

ఆయనది కోరుట్లలో బట్టల దుకాణం. నేను కార్యదర్శిని. మూడో సభ్యురాలు సిరిసిల్ల నేత కార్ఖానాలో పనిచేసే లచ్చవ్వ. ఈ మూడు ఊళ్ల బీద రోగులను వారం వారం కిరాయి బండిలో కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లి, చూపించి, మళ్లీ ఇంటి దగ్గర దింపడం మా పని. ఆ కిరాయి బండి ఒకసారి వస్తే రెండుసార్లు రాదు. అందుకే ఒక కంపెనీ వాళ్లు సొంత వ్యాను ఇస్తామనగానే ఎగిరి గంతేశాం.

ఇచ్చే ముందు ఒక ఫారం పంపారు. పాలకమండలి సభ్యుల నాయకత్వ అనుభవం రాయాలట. అనుభవం లేని సభ్యులుంటే వాళ్లను తీసేసి, ఉన్నవాళ్లను పెట్టుకోవాలట. వర్తక సంఘం, మసీదు కమిటీ అంటూ వహాబ్ గారిది పేజీ నిండింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? హెడ్మాస్టరు పదవి, ఉపాధ్యాయ సంఘం, అదీ ఇదీ కలిపి ఒకటిన్నర పేజీ రాశాను. లచ్చవ్వకు ఫోన్ చేసి అడిగితే పకపకా నవ్వింది.

"నాకేం నాయకత్వం మేడం? కండెలు చుట్టుకునేదాన్ని. ఏం లేదని రాయున్రి."

"గట్ల రాస్తే నిన్ను తీసెయ్యమంటున్నరు లచ్చవ్వా!"

అవతల నవ్వు ఆగిపోయింది. "తీసెయ్యున్రి. నా పేరు కోసం వ్యాను పోగొట్టుకుంటమా? అచ్చి సంతకం తీస్కపోన్రి" అంది.

ఆమెను ఏదో ఒక మహిళా సంఘానికి అధ్యక్షురాలని రాసేద్దామని ఫోన్లో అన్నారు వహాబ్ గారు. "నా చేత దొంగ రాతలు రాయిస్తరా?" అని విరుచుకుపడ్డాను. "అరె మేడం, గింత గుస్సా ఎందుకు? ఊకె అడిగిన" అని ఫోన్ పెట్టేశారు పాపం.

ఫారం, రాజీనామా కాగితం పట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. దారి పొడుగునా మనసు బాగాలేదు. సమావేశాల్లో లచ్చవ్వ ఒక్క మాట మాట్లాడదు. చాయ్ తాగుతుంది, బాగుందంటుంది, పోతుంది. అయినా నాకామె అంటే ఇష్టం.

కార్ఖానాలో సాంచాల చప్పుడుకు నా మాట నాకే వినపడలేదు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటికి కావలసిన అడ్డనూలును చిన్న చిన్న కండెలకు చుడుతూ ఓ మూల మిషన్ ముందు కూర్చుని ఉంది లచ్చవ్వ. నేను పెన్ను తీశానో లేదో, ముత్యం అనే కార్మికుడు వచ్చాడు. మనిషి ముఖం ఉబ్బి ఉంది.

"అక్కా, రేపు కిడ్నీల పరీక్షకు బండ్లె రమ్మన్నరు. నేను పోను. సాంచాలు ఆగుతయి."

లచ్చవ్వ చేతిలో పని ఆపలేదు. "ఎందుకాగుతయిరా? నాలుగు సాంచాలు నర్సన్న చూస్తడు. మొన్న ఆయన బిడ్డను దవాఖానకు తీస్కపోయినప్పుడు ఆయనయి నువ్వు చూడలేదా? కడమ నాలుగు మా తమ్ముడు చూస్తడు. సేటుకు నేను చెప్త. పొద్దుగాల తినకుంట పో, రక్తం తీస్తరు."

"సరే అక్కా" అని ముత్యం వెళ్లిపోయాడు. అంతే! అర నిమిషం కూడా పట్టలేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. సిరిసిల్ల వంతు వచ్చినప్పుడల్లా మా బండి నిండిపోయేది. జగిత్యాలలో, కోరుట్లలో సగం సీట్లు ఖాళీ; అక్కడ బీడీలు చేసే ఆడవాళ్లు కూలి పోతుందని రారు. సిరిసిల్ల సంగతి నేను వేసిన వంతుల పట్టిక గొప్పతనమని ప్రతి సమావేశంలో చెప్పుకున్నాను. అదీ లచ్చవ్వ ఎదురుగా! ఆమె తల ఊపుతూ చాయ్ తాగేది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఒకల పనికి ఇంకొకల్ని గిట్ల బదిలీ పెట్టుడు ఎప్పటి సంది చేస్తున్నవు?"

"మా ఆయన పోయినప్పటి సంది. సాంచాలు ఆగుతయని దవాఖానకు పోలే మేడం. పోయేసరికి ఆలస్యమైంది."

"గీ పనికి నిన్నెవలు పెట్టిండ్రు?"

"ఎవలు పెడ్తరు? అడుగుతరు, చెప్త."

రాజీనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. కండెల బుట్ట మీద ఫారం పెట్టుకుని, నేను చూసింది చూసినట్టు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏడు వాక్యాలు. కంపెనీ వాళ్లకు నచ్చకపోతే వ్యాను వాళ్ల దగ్గరే ఉంచుకోమని కింద ఇంకో వాక్యం కూడా రాశాను గానీ, వహాబ్ గారు బతిమాలి కొట్టేయించారు.

పది రోజులకు ఫోన్ వచ్చింది. వ్యాను ఇస్తారట. లచ్చవ్వ సభ్యురాలిగా ఉండాల్సిందేనట. పైగా ఆమె వారానికొక రోజు జగిత్యాల, కోరుట్ల వచ్చి, బీడీలు చేసే ఆడవాళ్లకు ఈ బదిలీ పద్ధతి నేర్పాలట. ఈ కబురు చెప్పడానికి నేనూ వహాబ్ గారూ మిఠాయి డబ్బాతో కార్ఖానాకు వెళ్లాం.

లచ్చవ్వ సంతోషపడింది, వెంటనే ముఖం వేలాడేసింది. "వారానికొక దినమంటే నా కండెలెవలు చుడ్తరు?"

సాంచాల దగ్గర నుంచి ముత్యం వచ్చాడు. ఆమెను లేపి మిషన్ ముందు తాను కూర్చున్నాడు. కండెలు చుట్టడం ఆడవాళ్ల పని. ఆ కార్ఖానాలో మగవాడు అక్కడ కూర్చోవడం అదే మొదలట. మొదటి కండెకే దారం చిక్కుపడింది. అందరూ విరగబడి నవ్వారు.

"నీ సాంచాలేంగావాల్రా?" అంది లచ్చవ్వ.

"నర్సన్న చూస్తున్నడు."

లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అందరి కోసం అడిగిన మేడం. నా కోసం ఎవ్వల్నీ ఒక్కపారి అడగలే."

ముత్యం చిక్కు విప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు: "ఇప్పుడు మాత్రం అడిగినవా అక్కా? నువ్వు పోయి రా."