కెమెరా కోసం నాలుగు చుక్కలు

మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్తున్నాను. నా నోరు మంచిది కాదని కాలేజీలో అందరికీ తెలుసు. ల్యాబ్‌లో అయితే మరీను. పిల్లలు నా వెనక పెట్టుకున్న పేరు కూడా నాకు తెలుసు, ఇక్కడ రాయను. తిట్టుకుంటే తిట్టుకోనీ, నా ల్యాబ్‌లోంచి బయటికి పోయినవాళ్లలో టైట్రేషన్ రానివాళ్లు ఒక్కరుండరని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను. ఎందుకు మానేశానో రాద్దామనే కూర్చున్నాను.

కెమిస్ట్రీ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. గీతలున్న పొడుగాటి గాజు గొట్టాన్ని బ్యూరెట్ అంటాం. అందులో క్షారం పోస్తాం. కింద ఫ్లాస్కులో ఆమ్లం ఉంటుంది, అందులో ముందే రంగు మారి చూపించే ఇండికేటర్ రెండు చుక్కలు వేసి ఉంచుతాం. పైనుంచి చుక్క చుక్క వదులుతూ, ఫ్లాస్కును తిప్పుతూ పోతే, ఒక చుక్క దగ్గర నీళ్లలా ఉన్నది కాస్తా లేత గులాబీకి తిరుగుతుంది. అక్కడ ఆపి, ఎంత క్షారం పట్టిందో చూసి ఆమ్లం ఎంతుందో లెక్క కట్టాలి, దీన్నే టైట్రేషన్ అంటాం. ఆ రంగు ఎంత లేతదంటే, ఫ్లాస్కు కింద తెల్లకాగితం పెట్టుకుంటే గానీ వచ్చిందో రాలేదో తెలియదు. ఇంకో నాలుగు చుక్కలు పడ్డాయా, ముదురు గులాబీ వచ్చేస్తుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, లెక్క మాత్రం తప్పిపోతుంది.

ఇది నోటితో చెబితే వచ్చే విద్య కాదు. పిల్లల వెనక నిలబడి, "ఆపు, ఆపమంటాంటే ఆపవేందే" అని అరిచి, రంగు ముదిరిపోయిన ఫ్లాస్కును లాక్కుని సింకులో పారబోసి, మళ్లీ మొదటినుంచి చేయించేదాన్ని. నిమ్మనపల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి చేత ఒకే మధ్యాహ్నం ఏడుసార్లు చేయించాను. ఆరోసారికి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏడోసారి సరిగ్గా ఆపింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆ పిల్ల ఒక్కసారి కూడా తప్పలేదు.

కరోనా వచ్చి కాలేజీ మూసేశారు. పాఠాలన్నీ ఫోన్లో చెప్పమన్నారు. మొదట్లో నేను సణిగినంతగా మా కాలేజీలో ఎవరూ సణగలేదు. నల్లటి గడుల వైపు చూసి పాఠం చెప్పడమేమిటి, అవతల పిల్లవాడు వింటున్నాడో అన్నం తింటున్నాడో ఎవరికి తెలుసు అనేదాన్ని. ఆ తర్వాత ప్రాక్టికల్స్ కూడా వీడియో తీసి పంపమన్నారు. ల్యాబ్ నుంచి ఒక బ్యూరెట్, స్టాండు, నాలుగు సీసాలు ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. భోజనాల బల్ల ల్యాబ్ అయింది, ఇంటర్ చదివే మా అమ్మాయి కెమెరామన్ అయింది.

మొదటిసారి సరిగ్గా చేసి, లేత గులాబీ దగ్గర ఆపి, కెమెరాకు చూపించాను.

"ఏం కనపడ్లేదు మా. నీళ్ల మాదిరే ఉండాది" అంది మా అమ్మాయి.

కిటికీ తెర తీశాం. కింద కాగితం మార్చాం. బల్ల దగ్గరికి లైటు లాక్కొచ్చాం. కంటికి కనిపించే రంగు ఆ ఫోన్లో మాత్రం పడదు. నాలుగోసారికి నాకు విసుగొచ్చి, ఆపాల్సిన చోట ఆపకుండా ఇంకో నాలుగు చుక్కలు వదిలాను. ఫ్లాస్కు నిండా గులాబీ రంగు గుప్పుమంది. "ఇప్పుడు సూపర్‌గా ఉండాది మా" అంది. అసలు రంగు ఇంతకంటే చాలా లేతగా ఉండాలి అని చివర్లో ఒక్క మాట కలుపుదామనుకున్నాను. అంతలో కుక్కర్ విజిల్ వేసింది. వీడియో చక్కగా వచ్చేసింది, మళ్లీ తీయాలంటే బద్ధకమేసింది. అలాగే పెట్టేశాను.

ఆ వీడియో బాగా తిరిగింది. వేరే కాలేజీల పిల్లలు కూడా చూశారు. మా పుట్టిల్లు పుంగనూరు. అక్కడ ఒక పెళ్లిలో ముక్కూమొహం తెలియని అమ్మాయి వచ్చి, "ఆ గులాబీ రంగు వీడియో మీదే గదా మేడమ్" అంది. అంతే, గాల్లో తేలిపోయాను. ఫోన్ చదువును అంత తిట్టినదాన్ని, తర్వాతి స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి, ల్యాబ్‌లో ముప్పై మందికి కనిపించేది ఇప్పుడు వెయ్యిమందికి కనిపిస్తోందని ఉపన్యాసం ఇచ్చాను. కళ్లు నెత్తికెక్కడమంటే అదే.

ఆ బ్యాచ్‌లో పుంగనూరు నుంచి ఒకమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న జాకెట్లు కుట్టే టైలరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, నాతో మాత్రం నాకంటే మంచి తెలుగు మాట్లాడేది. ఇంటికంతటికీ ఒకటే ఫోను, అది కూడా గిరాకీలు ఫోన్ చేస్తారని నాన్న దగ్గర అంగట్లోనే ఉండేది. అందుకని ఆ పిల్ల అంగట్లో కత్తిరింపు ముక్కల మధ్య కూర్చుని నా పాఠాలు చూసేది. ఒకరోజు నాకు మెసేజ్ పెట్టింది. "మేడమ్, మీరు నోటితో లేత గులాబీ అంటాండారు. వీడియోలో ముదురుగా ఉండాది. ఏది కరెక్టు?"

అన్నేళ్ల నా ఉద్యోగంలో అంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇది ఇప్పుడు అంటున్న మాట. ఆ రోజు నా ఫోన్లో నలభై మెసేజ్‌లున్నాయి. "వీడియోలో ఉన్నట్టే చెయ్యి. ముందు వీడియో సరిగ్గా చూడు" అని కొట్టి పంపేశాను. దండం పెట్టే బొమ్మ పంపింది ఆ పిల్ల. ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు.

కాలేజీ మళ్లీ తెరిచాక వాళ్ల బ్యాచ్‌కి రెండు నెలలు మిగిలాయి. ల్యాబ్ తెరవాలా వద్దా అన్నది మా ఇష్టానికే వదిలేశారు. బల్లల మీద వేలు లోతు దుమ్ము. ద్రావణాలన్నీ కొత్తగా కలుపుకోవాలి. పిల్లల రికార్డు పుస్తకాలు చూస్తే, వీడియో చూసి రాసినవే అయినా, ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుగా ఉన్నాయి. పాపం ఇప్పటికే నష్టపోయారు, వీళ్లను ఇంకా ఏం సతాయిస్తాంలే అనుకుని సంతకాలు చేశాను, మార్కులు వేశాను. జాలి అని పేరు పెట్టుకున్నాను గానీ, నిజానికి అది ఒళ్లు బద్ధకం. పుంగనూరు పిల్లకు యాభైకి యాభై వేశాను.

తప్పంతా ఫోన్‌దే అని రాస్తే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ ఫోన్లో నేను చెప్పిన లెక్కలు, సూత్రాలు పిల్లలకు బాగానే వచ్చాయి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్లీ విన్నారు. ల్యాబ్‌లో నన్ను రెండోసారి అడగాలంటే వాళ్లకు భయం. పోయింది ఒక్కటే. ల్యాబ్‌లో వాళ్ల ఫ్లాస్కు నాకు కనిపించేది. ఫోన్లో నా ఫ్లాస్కు వాళ్లకు కనిపించింది గానీ, వాళ్ల చేతుల్లో ఏముందో నేను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు.

రెండేళ్ల తర్వాత కుప్పం దగ్గర ఒక పాల డెయిరీలో ల్యాబ్ ఉద్యోగం ఒకటి పడింది. అభ్యర్థుల చేత ప్రయోగం చేయించి చూడాలి, అనుభవమున్న లెక్చరర్‌ను ఒకరిని పంపమని అడిగితే, మా కాలేజీ నన్ను పంపింది. వచ్చినవాళ్లు ముగ్గురు. అందులో ఆ పుంగనూరు పిల్ల ఉంది. గేటు బయట వాళ్ల నాన్న టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కూతురి కోసం ఆ రోజు అంగడి మూసి వచ్చాడట.

"ఇంతకుముందు రెండు చోట్ల అనుభవం లేదని పంపించేసినారు మేడమ్" అంది ఆ పిల్ల నాతో వరండాలో. "ఈడ అనుభవం అడగలేదు. చేసి చూపిస్తే చాలన్నారు. ఈడ గూడా రాకపోతే ఇంక ల్యాబ్ ఉద్యోగాలు వద్దు, అంగట్లో కూర్చోమంటాడు మా నాయన. నాకేం భయం లేదు మేడమ్. మీ వీడియో ముప్పై సార్లన్నా చూసింటాను."

నాకు అప్పుడే గుర్తు రావాల్సింది. రాలేదు. పొగడ్త విన్నట్టు నవ్వి, "బాగా చెయ్యమ్మా" అని లోపలికి పోయాను.

పరీక్ష ఏమిటంటే, పాలలో పులుపు ఎంతుందో చూడటం. అదే టైట్రేషన్, ఆమ్లం బదులు పాలు. ఆ పిల్ల బ్యూరెట్ కడిగిన తీరు, గాలి బుడగ లేకుండా నింపిన తీరు, కళ్లు గీతకు సరిగ్గా తెచ్చి కొలత చదివిన తీరు చూసి డెయిరీ మేనేజరు నా వైపు తల ఊపాడు. నేను లేచి వెళ్లి ఆ పిల్ల పక్కనే నిలబడ్డాను. చుక్కలు పడుతున్నాయి. పాలు లేత గులాబీకి తిరిగాయి. ఆపు, అనుకున్నాను లోపల. ఆ పిల్ల ఆపలేదు. ఏమాత్రం తొందర లేకుండా ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు వదిలి, అప్పుడు ఆపింది. ఫ్లాస్కులో ఉన్నది అచ్చంగా నా వీడియోలోని రంగు. ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు మేనేజరు. "ఇట్ల సూస్తే మంచి పాలు గూడా పులిసినాయని ఎనక్కి పంపేస్తావు. బైరెడ్డిపల్లె నుంచి తెల్లారకముందే పాలు తెచ్చిన రైతు ఊరుకుంటాడా? ప్రాక్టికల్స్‌లో యాభైకి యాభై అని ఉండాదే ఈడ. ఎవరమ్మా నీకు నేర్పించింది?"

ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత తల దించుకుని, "వీడియో చూసి నేర్చుకున్నాను సార్" అంది. ఎవరి వీడియో అని చెప్పలేదు.

"మీ కాలేజీ పిల్లే గదా మేడమ్?" అన్నాడు ఆయన నాతో.

అప్పుడు నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. తప్పు ఈ అమ్మాయిది కాదు సార్, నాది, ఇంకొక్కసారి చెయ్యనీయండి అంటే సరిపోయేది. నా ల్యాబ్‌లో ఏడుసార్లు చేయించినదాన్ని, అక్కడ రెండోసారి అడగలేకపోయాను. అడిగితే ఆ వీడియో నాదని చెప్పాలి.

"మాదే సార్. కరోనా బ్యాచ్" అన్నాను.

"ఓ, అదా" అని ఆయన ఫైలు మూసేశాడు. ఆ మాట అంటే చాలు, ఇంక ఎవరూ ఏమీ అడగరు. స్టాఫ్ రూములో మేమందరం అనే మాటే అది. ఏ పిల్లకు ఏది రాకపోయినా, నేర్పనివాళ్లం మేమే అయినా, కరోనా బ్యాచ్ అనేస్తాం. ఉద్యోగం లేత రంగు దగ్గర ఆపిన ఇంకొకరికి ఇచ్చారు.

ఆ వీడియో ఇప్పుడు లేదు, తీసేశాను. చూసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పలేను కదా. ఇప్పటి పిల్లలను మళ్లీ ల్యాబ్‌కే తీసుకుపోతున్నాను, మళ్లీ అరుస్తున్నాను. ఆ పిల్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ సాయంత్రం కుప్పం బస్టాండులో తండ్రీకూతుళ్లు మళ్లీ కనిపించారు. మొహం చెల్లక పక్కకు తిరిగాను గానీ, ఆయనే వచ్చి నమస్కారం పెట్టాడు. "మీ వీడియోలే మా బిడ్డకు కాలేజీ మేడమ్. కుట్టుకుంటా నేను గూడా వింటాంటిని" అన్నాడు. ఉద్యోగం రానందుకు ఆయన మొహంలో నా మీద ఇసుమంత కోపం కూడా లేదు. బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కుంటానని కౌంటరు దగ్గరికి పోయాడు.

ఆ పిల్ల నా పక్కన నిలబడింది. మెల్లగా అడిగింది. "నేను యాడ తప్పు చేసినాను మేడమ్? అంతా మీరు చూపించినట్టే చేసినాను గదా. కడాకు చెయ్యి వణికి నాలుగు చుక్కలు ఎక్కువ పడినట్టుండాయి. నా చెయ్యే గదా మేడమ్?"

నిజం చెప్పడానికి అక్కడ మేనేజరు లేడు, కాలేజీ లేదు, ఎవరూ లేరు. మేమిద్దరమే ఉన్నాం.

"ఔనమ్మా, కొంచెం వణికింది" అన్నాను.

వణకలేదు. నేను పక్కనే నిలబడి చూశాను.