ఒక సున్నా తక్కువైన ఫోను

జన్మలో ఒకే ఒక్కసారి ఒక సున్నా మరిచిపోయాను. దాంతో నా ఉద్యోగం, పెళ్లి, పరువు మూడూ ఒకే మధ్యాహ్నం గంగలో కలవబోయాయి. ఎట్లాగో చెబుతాను, నవ్వనని మాత్రం ఒట్టు పెట్టకండి, నిలబెట్టుకోలేరు.

ఎనభైల చివరి మాట. నంద్యాలలో ఓబులేసు సార్‌కు బేతంచెర్ల బండలు పాలిష్ పట్టి అమ్మే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ ఫోన్లు చూసుకునేవాణ్ణి నేను. హైదరాబాదులో పది రోజులు శిక్షణ పొంది వచ్చాను కదా, టెలిఫోను కనిపెట్టింది మా తాతే అన్నట్టు తిరిగేవాణ్ణి.

ఆ ఏడు కువైట్ నుంచి బండలకు బేరం తగిలింది. సార్ ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే కొత్త పెట్టె కొని నన్ను పిలిచారు.

"సామ్యేలూ, విదేశానికి ఎవరు ఫోన్ చేసినా ముందు నా గదిలో మోగాల. నేను సరే అంటేనే పోవాల. చేతనైతాదా?"

"అదెంత పని సార్!"

నిజంగా చిన్న పనే. మా ఆఫీసులో బయటి లైను కోసం ముందు ఒక సున్నా నొక్కాలి. తర్వాత వేరే ఊరికైతే ఒక సున్నాతో, విదేశానికైతే రెండు సున్నాలతో నంబరు మొదలవుతుంది. అంటే విదేశానికి మొత్తం మూడు సున్నాలు. నేనేమో లైను కోసం నొక్కే సున్నాను లెక్కే వేయకుండా, "రెండు సున్నాలు కనిపిస్తే సార్ గదికి పంపు" అని పెట్టెకు నేర్పాను. ఆ దెబ్బకు పక్కనున్న ఆళ్లగడ్డ కూడా విదేశమైపోయింది. ఈ సంగతి మీకిప్పుడే తెలిసింది. నాకు అప్పటికి తెలియదు.

కువైట్ నంబరు నొక్కి చూశాను. సార్ గదిలో బ్రహ్మాండంగా మోగింది. "భేష్ అప్పా!" అన్నారు సార్. నేను భూమికి జానెడు ఎత్తున నడిచాను.

అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఆళ్లగడ్డలో నా పెళ్లిచూపులు. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇది ఆ ఊళ్లోనే ఉండే మా దానియేలు మామ కష్టపడి కుదిర్చింది. పిల్ల నాయన బడి పంతులు, నిమిషం ఆలస్యమైనా తలుపేసే రకం. సార్ చూస్తే, బండలు ఓడ ఎక్కేదాకా సెలవన్న మాటే ఎత్తొద్దన్నారు. అందుకని మొహం వేలాడేసుకుని వెళ్లాను.

"మా అవ్వకు చానా సీరియస్ సార్."

"అయ్యో! బేగా పో నాయనా, ఈడేం చేస్తాండావ్?" అన్నారు పాపం.

బస్సుకు ఇంకా అరగంట ఉంది. నా బల్ల దగ్గర కూర్చుని మామకు ఫోన్ కలిపాను. మామ ఫోనులో "ఊ" తప్ప మాట్లాడడు.

"ఊ," అంది ఫోను.

"మామా, నేను. మధ్యాన్నం బస్సుకు వస్తాండా. అవ్వకు సీరియస్ అని చెప్పినా. మా సార్ నమ్మినాడు, ఉత్త అమాయకుడు!"

"ఊ."

"పంతులు అడిగితే నన్ను ఇంజనీరని చెప్పు. ఆఫీసంతా నా చేతుల్లోనే నడుస్తాందను."

"ఊ. అవ్వకు ఏమైంది?"

"ఏందీ మామా, ఆమె పోయి పదేండ్లాయె కదా!"

"అట్లనా," అంది ఫోను. "అమాయకుణ్ణి కదప్పా, నాకు తెలీలే."

ఆ మాట నా ఒక చెవికి ఫోనులోంచి, రెండో చెవికి పక్క గోడలోంచి వినబడింది.

నేను లేవకముందే సార్ గుమ్మంలో ఉన్నారు. "ముందు ఆ పెట్టెను బాగుచెయ్," అన్నారంతే. మరిచిపోయిన సున్నా ఎక్కించేసరికి బస్సు వెళ్లిపోయింది. ఉద్యోగం పోతే పోయింది, పిల్ల కూడా పోయిందే అని ఏడుస్తూ పెళ్లిచూపుల సంగతంతా సార్‌కు చెప్పేశాను.

"ఏడుస్తాండావా? ఎక్కు జీపు."

దారి పొడుగునా రెండే మాటలన్నారు. ఒకసారి "అవ్వకు ఎట్లుందప్పా?" అని, ఇంకోసారి "ఇప్పుడెట్లుంది?" అని.

నాలుగింటికి సరిగ్గా చేరాం. పంతులు నన్ను చూసి, సార్‌ని అడిగాడు: "పిల్లోడు ఎట్లాంటోడు సార్?"

"బంగారమప్పా. అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పినా మొదట నాకే ఫోన్ చేసి చెప్తాడు," అని సార్ కథంతా విప్పారు.

నేను నేలలోకి దిగిపోతుంటే లోపలి గదిలోంచి పకపకా నవ్వు. ఆ నవ్వు పేరు సుగుణ. ఆనాటి నుంచి మా ఇంట్లోనే ఉంది.

కనుక పాఠకులారా, ఆ రోజే భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఫోనులో "ఊ" అన్నవాళ్ల పేరు, ఊరు, ఇంటిపేరు అడగనిదే నోరు విప్పనని. ఇప్పటికీ సుగుణ ఫోన్ చేసి "ఊ" అంటే, "ఎవరండీ మాట్లాడేది?" అని అడుగుతాను.

"మీ అవ్వను," అంటుంది.