అక్క పెట్టెలోని సూది

ఇంజిన్ దగ్గితే చాలు, వీధి మలుపు నుంచే జబ్బేమిటో చెప్పేస్తాడని ఆ మెకానిక్‌కి దగ్గుల డాక్టరని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు వేళాకోళానికే పెట్టారు. ఆయన మాత్రం దాన్ని బిరుదులా భుజాన వేసుకుని తిరిగాడు. మగవాళ్లకు ఆ మాత్రం దొరికితే చాలు, కాలు నేల మీద ఆనదు.

ఆయన్ని పెంచింది అక్క. బడిపిల్లల బట్టలు కుట్టి, మోపెడ్ మీద ఇంటింటికీ అందించి, తమ్ముడి చేతికి పానా వచ్చేదాకా లాక్కొచ్చింది. అలాంటి అక్క మోపెడ్‌కే దగ్గు పట్టుకుంది. బయల్దేరేటప్పుడు బుద్ధిగానే ఉండేది. వేగం అందుకునేసరికి గక్కు గక్కుమని కుదిపి, నల్లటి పొగ కక్కి, నడిరోడ్డు మీద మొండికేసేది.

మెకానిక్ ప్లగ్గు విప్పితే కాటుక పెట్టినట్టు మసి. తుడిచి బిగించాడు. కొన్నాళ్లు నడిచి మళ్లీ అదే తంతు. కొత్త ప్లగ్గు వేశాడు, అదీ నల్లబడింది. కాయిల్ మార్చాడు, లాభం లేదు. డాక్టరుగారి పరువు పోయేలా ఉంది. ఇక తప్పెవరిదో తేల్చాలి కదా! పక్కనున్న రొట్టెల దుకాణం ముందు, పదిమంది వింటుండగా తేల్చేశాడు.

“పొద్దున్నే ఇంజిన్ అందుకోవడానికి చోక్ లాగుతావు, తిరిగి నొక్కడం మర్చిపోతావు. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టక ఏం చేస్తుంది? బండి దగ్గడం లేదక్కా, నీ మతిమరుపు చూసి నవ్వుతోంది!”

రొట్టెలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మిగతావాళ్లూ అందుకున్నారు.

“నొక్కుతూనే ఉన్నాను కదరా,” అంది అక్క. ఒక్కసారే అంది.

ఆనాటి నుంచి ఆమె బండెక్కలేదు. బట్టల మూట చంకన పెట్టుకుని నడిచేది. సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగేది. అంతటితో పోయిందా? పొయ్యి ఆర్పానో లేదోనని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చేది. తాళం వేసి, మళ్లీ లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి లాగేది. చివరికి ఒకరోజు బండి తోసుకుంటూ షెడ్డుకొచ్చింది.

“రొట్టెలాయన కొంటానంటున్నాడు. బాగుచేసి ఇచ్చెయ్. చోక్ గుర్తుండని దాన్ని, రేపు ఎవరి మీదికో పోనిస్తే?”

ఆయన బండికి స్టాండు వేసి పానా అందుకున్నాడు.

పరాయివాడికి ఇచ్చే బండి కదా అని ఈసారి ఓపిగ్గా కార్బ్యురేటర్ మొత్తం విప్పాడు. సొంత అక్కకి ఆ ఓపిక లేకపోయింది మరి! ముందు చోక్ చూశాడు. ఆ రకం మోపెడ్‌లో యాక్సిలరేటర్ బాగా తిప్పితే చోక్ దానంతటదే వదిలేస్తుంది. అక్క మర్చిపోయినా అది మర్చిపోదు. ఈ సంగతి ఆయనకు తెలియంది కాదు. ఆ పూట తెలివి నోటికి చేరలేదంతే.

తర్వాత జెట్టు తీశాడు. పెట్రోలు కొలతగా దిగడానికి వెంట్రుకంత బెజ్జమున్న ఇత్తడి ముక్క అది. వెలుతురుకు పెట్టి చూస్తే ఏదో తేడాగా ఉంది. కాలరులో గుచ్చుకున్న సూది తీసి కొత్త జెట్టులో పెట్టాడు. మొన మాత్రమే దూరింది. పాతదాంట్లో పెట్టాడు. దారం ఎక్కించే కన్నందాకా సర్రున దిగిపోయింది.



ఆ మధ్య, బండికి ఈ దగ్గు పట్టకముందు, జెట్టులో నలక పడితే, గాలి కొట్టి ఊదడానికి బద్ధకించి, ఈ సూదితోనే పొడిచి తిప్పాడు. ఇత్తడి మెత్తన, సూది ఉక్కు. బెజ్జం పెద్దదై పెట్రోలు ధారకట్టింది. ఆ సూదైనా ఎక్కడిది? అక్క కుట్టుపెట్టెలోంచి తెచ్చిందే. “విరక్కుండా తెచ్చివ్వరా” అందామె అప్పుడు. సూది విరగలేదు.

కొత్త జెట్టు బిగించి, ప్లగ్గు తుడిచి, బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పాడు. ఇంజిన్ ఎక్కడా తడబడలేదు. ఆ చప్పుడు విని అక్క, రొట్టెలాయన ఇద్దరూ వచ్చారు.

“చూశారా అక్కగారూ! మంచి చెయ్యి పడాలేగాని బండికేం రోగం?” అన్నాడు రొట్టెలాయన.

“అవును బాబూ. రోగం నాదే,” అంది అక్క తలొంచుకుని.

ఊరుకుంటే అక్కడితో సరిపోయేది. మెకానిక్ ఊరుకుందామనే అనుకున్నాడు కూడా. కానీ ఆ వంగిన తల చూడలేకపోయాడు.

“బండి అమ్మడం లేదు. తప్పు నీది కాదక్కా, నాది. జెట్టు నేనే పాడుచేశాను.” పాత జెట్టులో సూది దింపి చూపించాడు.

అక్క ఆ సూది వంక చూసింది. “నాకు చెప్తావేంట్రా? నన్ను అన్నది ఎక్కడ?”

రొట్టెల దుకాణం ముందుకు వెళ్లి, రొట్టెల కోసం నిలబడ్డవాళ్లందరి ముందూ మొదటినుంచి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆయనకు.

“నా సూది ఇలా ఇయ్యి,” అని తీసుకుని, పైటకు గుచ్చుకుని, అక్క బండెక్కింది. ఎక్కి, వంగి చోక్ చూసుకుంది.

“అది దానంతటదే వదిలేస్తుందక్కా...”

“విన్నాన్లే.”

బండి కదిలింది. దగ్గు లేదు, కుదుపు లేదు. మెకానిక్ చెవి రిక్కించి నిలబడ్డాడు. మలుపు దగ్గర చప్పుడు మందగించింది. మెడ చాచి చూశాడు. ఇంజిన్ ఆగలేదు. అక్కే ఆపి, కాలు నేలకానించి, వంగి మళ్లీ చోక్ చూసుకుంటోంది.