ఆడవాళ్ళ ఆట, మంచులో ఓడ

నాకు అసూయ ఎక్కువ. వయసొస్తే తగ్గుతుందని మా అమ్మ అనేది. తగ్గలేదు. అది బాగా ముదిరిన ఏడాది మాత్రం గుర్తుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పే రోజులవి.

సర్కారు వారి ప్రచారం బండి ఒకటి ఊరూరా తిరిగి ఉచితంగా సినిమాలు చూపేది. ఆ ఎండాకాలం ఒక డాక్యుమెంటరీ తెచ్చారు. ఏదో పరదేశపు నౌకాదళం వాళ్ళు దక్షిణ ధ్రువానికి ఓడలో పోయి, మంచులో ఇరుక్కుని, బయటపడి ఇల్లు చేరిన వైనం. మాటలన్నీ ఇంగ్లీషు. అందుకని ధ్వని తగ్గించేసి, ఎవరో ఒకరు మైకు పట్టుకుని తెలుగులో చెప్పాలి. మగవాళ్ళకు సాయంత్రం మైదానంలో ఆట. ఆడవాళ్ళకు వేరే ఆట, పగటిపూట, బడి హాలులో. ఘోషా పాటించే ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళూ, మగ్గాల వీధివాళ్ళూ, అంగళ్ళవాళ్ళ కోడళ్ళూ అందరూ వచ్చేవాళ్ళు. లోపల మగపురుగు కనబడకూడదు. మిషను తిప్పే ఆపరేటరు కూడా వరండాలోనే కూర్చుని, కిటికీలోంచి వెలుగును లోపలి తెర మీదికి వదిలేవాడు. మిగతా కిటికీలకు కంబళ్ళు కట్టేవాళ్ళం. కాబట్టి మైకులో చెప్పేది కూడా ఆడమనిషే కావాలి. చుట్టుపక్కల మూడు ఊళ్ళకూ ఆ పని మా బడికే అప్పగించారు.

ధ్రువాల పాఠం చెప్పేది నేను. నేను కాకపోతే ఇంకెవరు? వారం ముందు నుంచే అట్లాసు ముందేసుకుని రాసుకున్నాను. అక్షాంశాలు, హిమఖండాలు, ఆరు నెలల పగలు, ఏదీ వదల్లేదు. రాసింది అద్దం ముందు చదివాను. మా ఆయన విని బాగుందన్నారు. ఆయన ఏం విన్నా బాగుందనే అంటారు, అది వేరే సంగతి.

ఆట మొదలైంది. "ఇది దక్షిణ ధ్రువ ప్రాంతము. ఇచట ఉష్ణోగ్రత..." అని ఎత్తుకున్నాను. కంబళ్ళ వెనక హాలు ఉడికిపోతోంది. విసనకర్రల చప్పుడు నా గొంతును మించింది. వెనక వరసలో ఎవరో, "ఏందమ్మా ఆ తెల్లటిది? సున్నమా?" అన్నారు. నేను హిమఖండం దగ్గరే ఉన్నాను.

వెనక నిలబడ్డ మా కుట్టుపని టీచరు జవాబిచ్చింది. "సున్నం కాదక్కా, నీళ్ళే. సోడా అంగట్లో రంపంపొట్టు కప్పి పెడతారే, ఆ ఐసుగడ్డ. ఊరంత ఉంది, అంతే."

ఆమెది మిషనరీల దగ్గర చదువుకున్న క్రైస్తవుల కుటుంబం. నాకంటే ఐదేళ్ళు చిన్న. ఇంగ్లీషు బాగా వచ్చు, భూగోళం బొత్తిగా రాదు. అయినా ఆ ఒక్క మాటకు వెనక వరస మొత్తం ఆమె వైపు తిరిగింది. తర్వాత మధ్య వరస తిరిగింది. ఓడ మంచులో ఇరుక్కునే వేళకు హాలులో సగం మంది ఒక చెవి ఆమెకిచ్చి తెర చూస్తున్నారు. పెంగ్విన్లు వచ్చాయి. "అవేందమ్మా?" అన్నారు. "పక్షులే. నల్లకోటేసుకుని కోర్టుకు పోతాండారు" అంది. హాలు గొల్లుమంది. నేను మైకు పట్టుకుని, రాసుకున్న కాగితం పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది.

రెండో ఆట జమ్మలమడుగులో. పెద్ద టీచరు నన్ను పిలిచి, "ఈసారి ఆ అమ్మాయిని చెప్పనీయండి. మీరు మ్యాపు చూపించండి" అన్నారు. మ్యాపు చూపించాను. ఎవరూ చూడలేదు. నావికులు చినిగిన గుడారాలు కుట్టుకుంటుంటే, "సూడండమ్మా, మగోళ్ళు సూది పట్టినారు. కుట్టు ఎంత వంకర పోతాందో!" అంది మా కుట్టుటీచరు. పడీపడీ నవ్వారు. ఒక ముసలామె నా కొంగు పట్టుకుని, "నువ్వు రవ్వంత పక్కకు జరుగు తల్లీ, ఆ యమ్మ కనపడల్యా" అంది. ఆట అయ్యాక కుట్టుటీచరుకు చల్లటి మజ్జిగ తెచ్చిచ్చారు. నాకూ ఇచ్చారు, పక్కన ఉన్నాను కాబట్టి.

ఇక మిగిలింది పులివెందుల. అదైనా నాకివ్వమని పెద్ద టీచరును అడిగాను. "ఆమెకే అలవాటయింది కదా" అన్నారు. బస్సులో ఆమె నా పక్కనే కూర్చుని, తొండూరు దాటే దాకా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ నిద్ర చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది. నాకు వారంగా సరిగ్గా నిద్ర లేదు.

పులివెందుల బడిలో వరండా మీదికి ఎండ నేరుగా పడుతోంది. రీళ్ళు వేడికి పాడవుతాయని ఆపరేటరు రెండు డబ్బాలనూ లోపల, తడి గోనెపట్టా కింద పెట్టమన్నాడు. ఒక్కోటి కిటికీలోంచి అందించే పని నాది. ఆడవాళ్ళు ఇంకా చాపల మీద సర్దుకుంటున్నారు. నేను మొదటి డబ్బాలో రీలు రెండోదాంట్లోనూ, రెండోదాంట్లోది మొదటిదాంట్లోనూ పెట్టేశాను. అంతే. రెండు నిమిషాల పని. ఒక్కసారి ఆమె నోట మాట రాకుండా నిలబడితే చాలనుకున్నాను. ఆపరేటరు ఇచ్చింది ఇచ్చినట్టు ఎక్కించాడు.

ఓడ రేవు వదలాల్సిన చోట, ఓడ మంచులో ఇరుక్కుని కనబడింది. ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. తెరను చూసింది. తర్వాత నా పక్కనున్న డబ్బాను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చీకట్లో కూడా నా మొహం ఆమెకు తెలిసిపోయింది.

"ఈ ఊళ్ళో మా అక్క చెప్తుంది" అంటూ మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా, "చెప్పండక్కా, ఈ సినిమా నాకంటే మీకే బాగా తెలుసు" అంది.

నెల రోజులుగా నేను ఏడ్చింది ఆ మైకు కోసమే. తీరా చేతికొచ్చాక, ఏదో తడబడుతూ చెప్పాను. ఓడ మంచు చీల్చుకుని బయటపడింది, రేవు చేరింది, పెళ్ళాలూ పిల్లలూ ఎదురొచ్చి కావలించుకున్నారు. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. అక్కడితో అయిపోతే బాగుండేది. రెండో రీలు అందించక తప్పలేదు. అదే ఓడ, అదే రేవు, అదే ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు ఊపుతూ సాగనంపుతున్నారు.

"ఇప్పుడే కదమ్మా వచ్చిండేది! మళ్ళీ యాడికి పోతాండారు?" అని కళ్ళు తుడుచుకున్నామె గట్టిగా అడిగింది. హాలంతా నా వైపు చూసింది. వాళ్ళు నా మాట కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. నేను తెర వైపు తిరిగాను.

వెనక నుంచి కుట్టుటీచరు గొంతు వినిపించింది. "యాడికీ పోలేదక్కా. ఇల్లు చేరినోళ్ళు పెండ్లాం బిడ్డలను కూర్చోబెట్టుకుని, ఎట్ల పోయినామో మొదట్నుంచి చెప్తాండారు. ఆ కతే ఇప్పుడు సూస్తాండాం."

"అట్ల చెప్పు! మగోళ్ళు పోయొస్తే చెప్పుకోకుండా ఉంటారా?" అంది ముందు వరసామె. నవ్వుకుని, సర్దుకుని, చివరి దాకా కదలకుండా చూశారు. మూడు ఊళ్ళలోనూ అంత బాగా ఆడింది అక్కడే.

ఆట అయ్యాక ఆపరేటరు డబ్బాలు చూసుకుని, పొరపాటు తనదేమోనని తల గోక్కున్నాడు. నేను నోరు విప్పలేదు. ఆమె కూడా విప్పలేదు, ఆ రోజే కాదు, నేను బదిలీ అయ్యే దాకా. దాని గురించి సిగ్గుపడ్డాననే చెప్పాలి, పడ్డాను కూడా. కానీ అది ఇంటికొచ్చాక. హాలులో, వాళ్ళంతా నవ్వుతున్నప్పుడు, మైకు చేతిలో పట్టుకుని నేను అనుకున్నది ఒక్కటే: ఆ మాట నాకెందుకు తట్టలేదు?