బాబాయి బ్రష్షు

మా బాబాయిది ఫోటో స్టూడియో. ఫోటో మీద ఆయన టచప్ బ్రష్షు పడితే ఎవరి ముఖమైనా ఒలిచిన కోడిగుడ్డే. మొటిమ, మచ్చ, పులిపిరి, దేన్నీ బతకనిచ్చేవాడు కాదు మహానుభావుడు.

ఆయన కూతురికి ముక్కు చుట్టూ గింజల్లా బుడిపెలు లేస్తే, ఇద్దరినీ నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"వెంట్రుకల కుదుళ్లలో లేచే గడ్డలివి. ప్రమాదమేం లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా?" అన్నాడు డాక్టరు.

"లేవండీ. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఫోటోల్లో మాత్రం తన ముఖం అద్దంలా ఉంటుంది," అంది చెల్లి.

బాబాయి కూతురి వైపు తిరిగాడు.

"మీ అమ్మకీ ఉండేవమ్మా. నేనే బ్రష్షుతో తీసేశాను. ఒక్క ఫోటోలోనూ ఉంచలేదు."



"మరి ఇరవయ్యేళ్లుగా ఆ ఫోటో ముందు కూర్చుని నేను రోజూ మాట్లాడుతున్నది ఎవరితో నాన్నా?"