హ్యాండిల్‌కు కట్టిన ఎర్రదారం

మీ బండి హ్యాండిల్ మీకు అందుతోందా, దానికోసం మీరే వంగుతున్నారా?

మా చెల్లెలి భర్త సింహాచలం మోటార్‌సైకిల్ మీదే రైలింజిన్ల షెడ్‌కు డ్యూటీకి వెళ్తాడు. హ్యాండిల్ మరీ ముందుకుండడంతో అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఈ ఉదయం గోల్ బజార్‌లో వేళ్లు మొద్దుబారి బ్రేక్ ఆలస్యంగా నొక్కాడు. ఆటోను గుద్దడం వెంట్రుకవాసిలో తప్పింది.

సాయంత్రం పానా పట్టుకుని వెళ్లాను. హ్యాండిల్ బోల్టుల మీద, రతన్‌పూర్‌ అమ్మవారి గుడిలో బండిపూజ నాడు కట్టించిన ఎర్రదారం చుట్టి ఉంది. చెల్లి అడ్డుపడింది.

"అమ్మవారి దారం అన్నియ్యా! ఇప్పీస్తే ఏటైపోద్దో!"

"అమ్మవారు కాయాల్సింది నీ మొగుడినా, బోల్టులనా?"

"అచ్ఛా, అయితే నా చేతికి కట్టీ బావా" అన్నాడు సింహాచలం.

కట్టాను. బోల్టులు వదులుచేసి, అతను నిటారుగా కూర్చున్నప్పుడు మోచేతులు కాస్త వంగేలా హ్యాండిల్‌ను వెనక్కి జరిపి బిగించాను. రెండువైపులా పూర్తిగా తిప్పి చూశాం. ట్యాంకుకు తగలలేదు, క్లచ్ వైరు బిగుసుకోలేదు. చెల్లే ముందుగా వెనక సీటెక్కింది.

శరీరం రథమనీ, మనసు పగ్గమనీ శాస్త్రం. చేతిలో పట్టే లేనివాడికి పగ్గమిచ్చి ఏం లాభం? భక్తి పేరుతో బోల్టులకు తాళం వేసిన ఇళ్లు ఇంకెన్నున్నాయో మీరే చెప్పండి. చెప్పేముందు లేవండి. రేపటి డ్యూటీ దాకా ఆగకుండా, ఇప్పుడే మీ బండెక్కి కూర్చుని చూసుకోండి!