లైట్‌హౌస్ వైపు తిప్పించినవాణ్ణి నేనే

ముప్పై ఏళ్లకు పైగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదని నేనంటున్నాను, మీరు విన్నాక ఏమంటారో తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. పేరు రాయనక్కర్లేదన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను.

తొంభైల మొదట్లో అడిలైడ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది తెనాలి. ఊరుగాని ఊళ్లో ప్రతి ఆదివారం నాకు పప్పన్నం పెట్టింది మూర్తి అంకుల్ ఇంట్లోనే. ఆయన మా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ లెక్చరర్. ఆయన గరాజ్‌లో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారొకటి ఉండేది. రెండే సీట్లు, పైకప్పు లేదు, అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకు కూర్చున్నట్టే. ఆయనా, తోటి లెక్చరర్ ఆలనూ కలిసి దాన్ని తుక్కుగా కొని, ఏడేళ్లపాటు శనివారాలన్నీ ధారపోసి బాగుచేశారు. ఆలన్ సెలవులో ఉండగా అంకుల్ అడక్కుండా దానికి ఎర్ర రంగు వేయించారు. దాని అసలు రంగు ఆకుపచ్చ. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. తొమ్మిదేళ్లు! ఈలోగా ఆలన్ రిటైరై కంగారూ దీవిలో ఇల్లు కొనుక్కున్నాడు.

ఆ ఏడాది అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు అమ్మేసి పెర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడట. శనివారం పన్నెండింటికి ఎయిర్‌పోర్టుకు బయల్దేరతాను, ఆలోపు వస్తే కారు చూస్తాను అని రాశాడు. అంకుల్ ఆగమేఘాల మీద కారుకు మళ్లీ ఆకుపచ్చ వేయించారు. మ్యాప్ చూసి దారి చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

పొద్దున్నే ఫెర్రీ దిగాం. ఎదురొచ్చిన ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తున్నాడు. ఇక్కడ అందరూ అందరికీ తెలుసా? ఈ మట్టి ఇంత ఎర్రగా ఎందుకుంది? ఏది కనిపించినా ఆగి చూడాలి నాకు, అదేం మాయరోగమో. మ్యాప్‌లో తూర్పు కొసన బుల్లి లైట్‌హౌస్ బొమ్మ. ఆలన్ ఇల్లు పడమటి దారిలో ఉంది.

"అంకుల్, అటు వెళ్లి చూసొద్దామా?" అనొచ్చు. ఆయన సరేననేవారో, వచ్చేటప్పుడు చూద్దాంలే అనేవారో. కానీ ఆయన తిండి తింటూ, ఆయన కార్లో కూర్చుని, ఆయనకు అంత ముఖ్యమైన రోజున నా సరదా ఎలా అడగను? మొహమాటం. అడగలేదు. అలాగని కోరికా చావలేదు. అడగడానికి మొహమాటపడ్డవాడికి అబద్ధం చెప్పడానికి మొహమాటం ఎందుకు అడ్డురాలేదు? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్నాను. దారి చీలిన చోట "ఎడమకి అంకుల్" అన్నాను. మహా అయితే అరగంట అనుకున్నాను. కంకర రోడ్డు మీద ఆ పొట్టి కారు నత్తనడక నడిచింది.

లైట్‌హౌస్ దగ్గర అంకుల్ కారాపి నా వైపు తిరిగారు.

"ఏమిట్రా, రోడ్డు అయిపోయిందీ? ఇల్లేదీ?"

"సారీ అంకుల్, మ్యాప్ తిరగేసి పట్టుకున్నట్టున్నాను."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీకు పీహెచ్‌డీ ఎవడిస్తాడ్రా!" అని నవ్వేశారు. "డోంట్ వర్రీ. వాడు వెయిట్ చేస్తాడు. మొండోడే గానీ, నాకోసం వెయిట్ చేస్తాడు."

సిగ్గులేకుండా నేను చుట్టూ చూశాను. ఆ నీళ్ల నీలం నాకిప్పటికీ గుర్తే.

ఆలన్ ఇల్లు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. ఇంజన్ మోగుతున్న కార్లోనే అంకుల్‌ని ఉంచి నేను పరిగెత్తాను. తలుపు తాళం. పక్కింటావిడ కంచె మీంచి చెప్పింది: "ఇప్పుడే వెళ్లాడు నాయనా. పన్నెండు దాటాక కూడా అరగంట పైన గేటు దగ్గరే నిలబడ్డాడు, రోడ్డు వైపే చూస్తూ. ఫ్లైట్ పోతుందని ఇక తప్పక వెళ్లాడు."

కారు దాకా ఇరవై అడుగులుంటుందేమో. ఆ ఇరవై అడుగుల్లో లెక్క వేసుకున్నాను. ఆలన్ అంతసేపు ఆగాడని తెలిస్తే, లైట్‌హౌస్‌కి వెళ్లకపోతే అందేవాళ్లమని అంకుల్‌కి ఇట్టే తెలిసిపోతుంది. తప్పంతా నా నెత్తి మీదికొస్తుంది; ఆగలేదంటే ఆలన్ మీదికి పోతుంది.

"పన్నెండింటికే వెళ్లిపోయాడంట అంకుల్" అన్నాను.

ఆయన గేటు వైపు ఒకసారి చూశారు. "అంతేలే. కారు చూస్తానన్నాడు గానీ నన్ను చూస్తానన్లేదుగా" అని కారు తిప్పేశారు.

మొదటి అబద్ధం సరదా కోసం, కుర్రతనం అనుకోవచ్చు. రెండోదానికి ఏ పేరు పెట్టుకోను? పిరికితనం అంటే తేలిగ్గా వదిలేసినట్టే ఉంది. పెర్త్ నుంచి క్రిస్మస్ కార్డు వస్తే అంకుల్ జవాబు రాయలేదు. కొన్నేళ్లకు ఆలన్ పోయాడని కబురొచ్చింది. "పన్నెండు కొట్టగానే పోయినవాడురా" అన్నారు, కళ్లు తుడుచుకుంటూనే. నేను ఆయన ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. తల వంచుకు తిన్నాను.

నిరుడు అంకుల్ పోయారు. సంతాప సభలో ఆంటీ నన్ను మాట్లాడమంటే దీవి ప్రయాణం చెప్పాను. మ్యాప్ తిరగేసి పట్టుకున్నానని చెప్పాను. అందరూ నవ్వారు. అంతమందిలో, ఆయన ఫొటో పక్కన నిలబడి, అదే అబద్ధం మళ్లీ చెప్పాను.

మీరు క్షమిస్తారని రాయలేదు. క్షమించాల్సిన మనిషి లేరు. ఆయనతో అనలేకపోయిన మాట ఒక్కసారైనా నా చేత్తో రాయాలనిపించింది, అంతే. అంకుల్, ఆలన్ మీకోసం ఆగాడు.